ఇమాంవలీ ఆదివారాలు

తాడిపత్రిలో మాకు బల్ల లేదు, బండ ఉంది.
పాలిష్ మిషను సగం నునుపు చేసి వదిలేసిన
నాలుగడుగుల నల్లబండ.
మూల విరిగిందని ఎవరూ కొనలేదు.
దాని మీద సుద్దముక్కతో గుహ గీస్తాను.
విరిగిన మూలను అగాధం అంటాను.
ఆట నడిపేది నేనే కాబట్టి
అంటే అయిపోతుంది.

నాగరత్న మంత్రగత్తె. తొమ్మిదో మెట్టు.
వేలు చూపిస్తే గోడలు కరుగుతాయి.
పగలు ఎల్ఐసీ ఆఫీసులో రసీదులు కొడుతుంది.
చిన్నోబులేసు కత్తి పట్టినోడు, వాడూ తొమ్మిదే.
నేనెప్పుడో పొరబాటున వాడి డాలుకు రాసిచ్చిన వరం
ఇప్పటికీ నన్ను ఏడిపిస్తోంది.
ఇమాంవలీ దీపం మోసే పిల్లోడు. రెండో మెట్టు.
వాడి కాగితం మడతల దగ్గర చిరిగింది,
డీజిల్ వాసనొస్తుంది.

తొమ్మిదికి తగ్గ రాకాసిని దింపితే
తోక విసురుకే రెండు పోతుంది.
రెండుకు తగ్గ ఎలుకల్ని వదిలితే
నాగరత్న ఫోను చూసుకుంటుంది.

పాలిష్ యూనిట్ లెడ్జరు వెనక పేజీల్లో
రాత్రుళ్లు లెక్కలేశాను.
రాకాసికి నలభై ప్రాణాలు తీసేసి,
రెండు పిల్లల్నిచ్చి,
మళ్లీ కొట్టేసి.
పోయిన నెల ఇమాంవలీని అది
చూసీ చూడనట్టు వదిలేసేలా చేశాను.
ఓబులేసు పట్టేశాడు:
"ఏమక్కా, దానికి వాడు కనపడల్యా?
దీపం పట్టుకోని మూతి ముందరే నిలబడుండాడు గదా!"
అందరం నవ్వాం.
ఇమాంవలీ దీపం వైపు చూశాడు,
అంటే కాగితం వైపు.

ఈ వారం ముందే పిలిచి చెప్పాను,
ఏడు మెట్లు ఊరికే రాసిస్తా, కాగితం ఇటివ్వమని.
ఇవ్వలేదు.
"ఎక్కని మెట్లు నాకెందుకక్కా.
ఎవరన్నా అడిగితే ఏం జెప్పాల,
రాకాసిని యాడ కొట్టినా అని?"

అప్పుడు హాజరు పట్టీ తీశాను.
అన్నీ రాసిపెట్టే రోగం నాది.
ఓబులేసు ముప్పై ఎనిమిది ఆదివారాలు.
నాగరత్న ముప్పై ఆరు.
ఇమాంవలీ ఏడు.
మిగతావన్నీ సిమెంటు లోడు కింద పోయాయి.
బళ్లారి, హోస్పేట, ఒకసారి ఏకంగా సోలాపూర్,
గుత్తి దాటినాక టైరు పేలి
రోడ్డు పక్కన రెండు రోజులు.

ఇన్నాళ్లూ బలమని మేం లెక్కపెట్టింది
తీరికను.

ఓబులేసుది యాడికి.
ఎక్కడికని కాదు, ఊరి పేరే అది.
హాజరు పట్టీ వాడూ చదివాడు,
చాలాసేపు పాచికను అరచేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు.
"మా చేన్లో జత కుదరని ఎద్దుల్ని కట్టాల్సొస్తే
చిన్నదాన్ని ఒక్క రాత్రిలో మేపి పెంచలేం.
పెద్దదాని కాలు ఇరగ్గొట్టుకోం.
కాడి మీద మోకు
బెత్తెడు పెద్దదాని పక్కకు జరుపుతాం.
చిన్నదానికి కాడి పొడుగైతాది, బరువు తగ్గుతాది.
చాలు మాత్రం ఇద్దరిదీ."

చెరిపి మళ్లీ గీశాను.
అగాధం మీద పలచటి రాతివంతెన.
అది మంత్రాన్ని చూడదు, ధైర్యాన్ని చూడదు,
బరువును చూస్తుంది.
తొమ్మిది మెట్ల మూటలతో ఎక్కితే ఫటుక్కున విరుగుతుంది.
దీపం, రెండు రొట్టెలు, అంతే ఉన్నవాడు
ముందు నడవాలి, అవతల తాడు కట్టాలి.
కట్టేదాకా రాకాసిని ఆపడం మిగతావాళ్ల పని.

అడగకుండానే ఓబులేసు డాలు దించాడు.
"నేనూ వాని ఎనకాలే పోతా" అన్నాడు.
వరం గీత కింద అడ్డంగా కొట్టేశాను,
కొంచెం సంతోషంగానే.

ఇమాంవలీ పాచిక విసిరాడు.
అది బండ మీద దొర్లి దొర్లి
విరిగిన మూల దగ్గర ఒక్క క్షణం ఆగి
అగాధంలో పడింది.

ముగ్గురం మోకాళ్ల మీద, రాతిపొడిలో,
సెల్ లైట్లు వేసుకుని వెతుకుతున్నాం.
నాగరత్న బండ కిందికి తల దూర్చి
"కనపడింది, ముట్టుకోవద్దండి" అంది.

వాడి ఫోను మోగింది. ఓనరు.
ఇమాంవలీ కదలకుండా నిలబడే
చెవి దగ్గర పెట్టుకుని, చాలా మెల్లగా:
"వంతెన మీదుండా సార్.
దిగినాక చేస్తా."