గొడుగు సలాక

ఎనుమాముల మార్కెట్ల ఊడ్చిన మిరపతొడిమెలు,
మూడు తట్టల పెండ, తడిసిన పొట్టు.
పొద్దుగాల్నే ఓదమ్మ విరిగిన గొడుగు సలాక గుచ్చి
గుంజి, చెంపకు ఆనించుకుంటది.
"ఇంక కాగుతాంది" అంటది,
పొయ్యి మీది అన్నం సంగతి చెప్పినట్టు.

పిడికెడు పిండితే
చుక్క రాలీ రాలనట్టుండాలె.
ఎక్కువైతే పొట్టు, తక్కువైతే బిందె.
వాసనొస్తే తిరగేసుడే,
లోపలిది బయటికి, బయటిది లోపలికి.
నడుమొక్కటి ఎటూ తిరగదు.
తొడిమెల ఘాటుకు నేను తుమ్మితే నవ్వేది.

నూరో దినం
సలాక చల్లగొచ్చింది.
మళ్ళ గుచ్చింది. మళ్ళ చల్లగనే.
గుప్పెట్ల నల్లగ, తొడిమె జాడ లేదు.
"అయిపాయె" అన్నది.
సలాకను కొంగుతో తుడిచి చూర్ల చెక్కింది.

తెల్లారి లేస్తనే చెయ్యి
ఊకెనే చూరు దిక్కు పోయింది.