వాక్ టెస్ట్

కువైట్ల సల్వా, ఆరో బ్లాకు, మూడంతస్తుల ఇల్లు.
నిచ్చెన నేను మోస్తే డ్రిల్లు షాహీన్ మోసిండు.
తలుపుకొక అయస్కాంతం, దర్వాజ చెక్కకొక చిన్న డబ్బీ.
రెండూ పక్కపక్కనుంటే ఇల్లు నిద్రపోతది,
బొటనవేలంత ఎడమైతే
షువైఖ్ ఆఫీసుల ఎవడో లేచి కూసుంటడు.
గింతే పని. పదకొండేండ్ల సంది గిదే చేస్తున్న.
మా గదికి గొళ్ళెం గూడ లేదు,
ఎనిమిది మందిమి; పోతే చెప్పులు పోతయి,
మూడోనాడు ఇంకొకని కాళ్ళకు కనబడ్తయి.

"ఎవరికీ తెల్వని మాట ఒకటి చెప్పుండ్రి" అన్న మామాతోని.
సైరన్ మోగితే ఆఫీసోళ్ళు ఫోన్ చేస్తరు,
ఆ మాట చెప్తే ఊకుంటరు,
చెప్పకుంటే పోలీసులొస్తరు.
ఆమె శానసేపు ఆలోచించి
తన చిన్నప్పుడు సచ్చిపోయిన గుర్రం పేరు రాసిచ్చింది.

చాయ్ తెచ్చిన పనామె
నా అరబ్బీ విని నవ్వు ఆపుకోలేక
"యా ఊరబ్బా మీది?" అన్నది.
మెట్‌పల్లి దిక్కన్న.
ఆమెది లక్కిరెడ్డిపల్లె. పేరు ఓబుళమ్మ.
"ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నెప్పుడు అది అరిస్తే?
ఫోనొస్తే నేనేం జెప్పాల?"
గుర్రం పేరు నా జేబుల ఉన్నది.
వాళ్ళు లండన్ పోయిన రెండు నెలలు
గీ ఇంట్ల ఉండేది ఆమెనే.
"నీకు చెప్పొద్దంట అక్కా" అన్న.
కప్పు తీస్కపోయింది.
చక్కెర సరిపోయిందా అని అడగలే.

పొద్దుమీకి వాక్ టెస్ట్.
ఒకరు ఇల్లంత నడవాలె, ఒకరు దీపాలు చూడాలె.
మామా ఆమెను నడువుమన్నది.
హాలుల నడిచింది, మూలకు ఎర్రదీపం మిణుక్కుమన్నది.
మెట్ల మీద, మిణుక్కు.
పిల్లల గదిల, మిణుక్కు.
నాలుగేండ్ల సంది ఆమె ఈ ఇంట్ల తిరుగుతున్నదని
ఒప్పుకున్న మొదటిది ఆ దీపమేనేమో.
తమాషాగ అనిపించిందో ఏమో,
పనిలేకున్నా వెనక్కి తిరిగి మళ్ల నడిచింది,
దానికి చెయ్యి ఊపింది.

ఆఖరుకు డాబా మీది గది.
ఇస్త్రీ బల్ల, విరిగిన ఊయల, ఒక పరుపు.
"దొంగలు పైనుంచి దిగుతరు, ఇక్కడ గూడ పెట్టు"
అన్నది మామా, గడప బయట నిలబడే.
ఆగస్టు నెల.
ఓబుళమ్మ నడిచింది. దీపం వెలగలే.
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఎగిరింది గూడ.
వెలగలే.
షాహీన్ సెన్సార్ మార్చిండు. కొత్తదీ గుడ్డిదే.

అది చూసేది మొఖం కాదు, ఒంటి వేడి.
గోడ వేడి వేరే, మనిషి వేడి వేరే అయితేనే
మనిషని పోల్చుకుంటది.
గోడకు థర్మామీటర్ ఆనిచ్చిన: ముప్పై ఏడు.
చాలు, ఇంక పరీక్ష అక్కరలే.
గీ గది ఆమెను ఎప్పుడో గోడల కలుపుకున్నది.

రిపోర్టు కాయితంల ఇంగ్లీషుల రాసిన:
గది ఇరువై అయిదు దాటితే కంపెనీకి పూచీ లేదు.
కంపెనీ పుస్తకంల ముప్పై అనే ఉంటది,
అయిదు నేను కోసేసిన.
"చల్లగుండాలె మామా, లేకుంటే దొంగ కనబడడు."
దొంగ పుణ్యాన
మూడోనాడే ఏసీ వచ్చింది.

మళ్ల పోయిన.
మా గది కంటె చల్లగున్నది.
"దుప్పటి కప్పుకోని నాలుగేండ్లాయ" అన్నది,
మడత మీద చెయ్యి తీయకుండనే.
నడువక్కా అన్న.
అడుగు ఎత్తిందో లేదో, మూలకు ఎర్రగ.
పరుపు మీద కూసున్నది, ఎర్రగ.
పక్కకు ఒరిగింది, ఎర్రగ.
దాని దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
"రాత్రంతా ఇంతేనా అబ్బా?"

నిచ్చెన మడుస్తుంటె
కింది అంతస్తుల పెట్టె
ఆడగొంతుతోని చెప్తనే ఉన్నది:
ఎనిమిదో జోన్,
ఎనిమిదో జోన్.