పావు తిప్పు

పళని రాసిచ్చిన చీటీ, సిగరెట్ పెట్టె అట్ట మీద:
అరంగుళం ఎల్బోలు ఎనిమిది, టీలు మూడు,
ముప్పావుకు రెడ్యూసర్ ఒకటి,
గేట్ వాల్వ్ ఒకటి.
వాల్వ్ కాడ పెన్ను ఆగి
మళ్లా గట్టిగా దిద్దినట్టుంది.

చర్చి వీధిలో గుణశేఖర్ అంగడి.
నేను అడిగితే ఆయన పళనికి జవాబు చెప్తాడు.
డబ్బులు మాత్రం నా ముఖం చూసి అడుగుతాడు.

నిలబడే, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నా.
వెన్న రంగు సీపీవీసీ ఎల్బో
చెనిక్కాయంత బరువు కూడా లేదు.
"కొళాయి బిగించే చోట ఇత్తడి మర ఉండాల,
ప్లాస్టిక్ మర పగుల్తుంది" అన్నా.
గుణశేఖర్ అప్పుడు చూసినాడు నా తట్టు.

గేట్ వాల్వ్‌కు ఎర్ర చక్రం.
తిప్పినా. తిప్పినా. ఆరు చుట్లు, ఏడు.
పద్దెనిమిది సీజన్లు గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి కాయలు కోసిన బొటనవేలు
మూడో చుట్టుకే మొరాయించింది.

"అందరూ ఇదే తీసుకుపోతారమ్మా."
అందరి సంగతీ నాకు తెలుసు.
కట్టమంచిలో బాడుగింట్లో ఉన్నప్పుడు
రాత్రి పన్నెండుకు పైపు పగిలింది.
బోరు నీళ్ల ఉప్పు తిని చక్రం బిగుసుకోనుంది.
నేను, మా ఆయన, పక్కింటి రబియాబీ కొడుకు
గుడ్డ చుట్టి, సుత్తితో కొట్టి, తిట్టి,
చివరికి చక్రం విరిగి చేతికొచ్చింది.
తొమ్మిది వందలు పోసి కొన్న ట్యాంకరు
మా కళ్ల ముందరే గడప దిగి
కాలవలోకి నడుచుకుంటా పోయింది.
నీవా ఏట్లో ఆ ఏడు అన్ని నీళ్లు పోలా.

చీటీలో గేట్ అన్న మాట కొట్టేయించి
బాల్ అని రాయించినా.
ఇత్తడిది, పొడుగు పిడి.
పిడి పైపు వెంబడి ఉంటే నీళ్లు ఉండాయి,
అడ్డం పడుకుంటే లేవు.
చీకట్లో తడిమినా తెలుస్తుంది.
నూట ఎనభై ఎక్కువ. పళని గొణిగినాడు.

చీటీలో లేనివి ఇంకో రెండు.
మోటారు కాడికి నాన్ రిటర్న్ వాల్వ్, ఒంటి మీద బాణం గుర్తు.
ఎక్కిన నీళ్లు దిగిపోతే
కరెంటు బిల్లు కట్టేది నేను.
ట్యాంకు కింద ఒక యూనియన్.
"పైపు కొయ్యకుండా విప్పుకునేదానికమ్మా,"
గుణశేఖర్ నాతోనే అన్నాడు.
"అట్లాంటిది సంసారాలకి కూడా ఒకటి అమ్మరాదా,"
వెనక మేకులకొచ్చిన ముసలామె.
ఎవరూ నవ్వలా.
రొవంత సేపటికి అందరం నవ్వినాం.

మిద్దె మీద పెడితే రెండడుగుల పైపు మిగులుతుందన్నాడు పళని.
నిచ్చెనెక్కి ఆపేదెవరు?
వంటింటి గోడకి, నా నడుమెత్తున
బొగ్గుతో గీత గీసినా.

మొన్న రాత్రి నిద్ర పట్టలా.
కొళాయి వదిలి,
చిటికెన వేలితో పిడిని అడ్డం తోసినా.
ధార సన్నబడి, తెగింది.
ఊరికే నిలబడి
మళ్లా తెరిచినా.