కొత్త మూస

పెన్నలో ఇసుక తప్ప ఏమీ పారని ఏడాది
నేను ప్రొద్దుటూరులో ఒక సముద్రం కలిపినా.
క్యాను నీళ్ళు ఇరవై రూపాయలు,
ఉప్పు కడప నుంచి బస్సులో వచ్చింది.
లీటరుకు ముప్పై అయిదు గ్రాములు.
తూకం నాకెవరూ నేర్పబన్లేదు,
వడ్లగింజెత్తు బంగారానికి
ముప్పై ఏండ్లుగా జవాబు చెప్పుకుంటాండేవాణ్ని.

అచ్చుల మిషన్లొచ్చినాక పని పల్చబడి
కుంపటి పక్కన జాగా మిగిలింది.
ఆ జాగాలో అద్దాల తొట్టి,
తొట్టిలో రెండు క్లౌన్‌ఫిష్‌లు.
జోకర్ చేపలంటాడు తపన్,
మిడ్నాపూరు నుంచి పని నేర్చుకోను వచ్చిన పిల్లోడు.
నా కంటికి మాత్రం
మేలిమి మీద మూడు వరసల వెండి తాపడం.

దాక్కోను ఏమైనా పెట్టమంటే
నిప్పు చూడని కొత్త మట్టిమూస ఒకటి వేసినా.
పెద్దది దాన్ని ఇల్లనుకుంది.
చిన్నది దాని ముందర తల వాల్చి
చలిజ్వరమొచ్చినట్టు వణికేది.
వణికితే వదిలేసేది.
వణకడం ఆలస్యమైతే రెక్క అంచు చిరిగేది.

పెద్దది మగదనుకున్నా.
చేపలమ్మే మాబుసాబు ఫోన్లో నవ్వినాడు:
"కాదన్నా, కొరికేది ఆడది. ఆ జాతిలో పెత్తనం దానిదే.
అది పోతే ఈ చిన్నోడే ఆడదైతాడు."
నేను నమ్మల్యా.

నాలుగొందలు పెట్టి మూడోదాన్ని తెచ్చినా, నీలిరంగుది.
తెల్లారేసరికి ఫిల్టర్ పైపు వెనక
తోక లేకుండా నిలబడి ఊపిరి తీస్తాంది.
మధ్యాహ్నానికి ఆ ఊపిరీ లేదు.

ఒక పొద్దు అద్దం మీది నాచు గీకను చెయ్యి పెడితే
బొటనవేలికి చిటికెడు పోటు.
రక్తమేం రాలేదు, బెదిరినా అంతే.
వంగి చూస్తే మూస గోడకు గుడ్లు,
నారింజ రంగువి, ఆవగింజ కంటే చిన్నవి.
ఇన్నేండ్లలో ఏ తాళిబొట్టుకూ
అంత సన్నం గుండ్లు నేను అతికియ్యల్యా.
చిన్నది వాటికి రెక్కలతో విసురుతాంది.
పెద్దది నన్ను చూస్తాంది.

ఎండాకాలం కరెంటు పోయి, వచ్చి, పోయి
ఒక రాత్రి పెద్దది పోయింది.
వారం దినాలు చిన్నది మూస చుట్టూ తిరిగింది.
ఎదురుగా ఎవరూ లేరు, ఎవరికని వణుకుతుంది?

ఆర్నెల్లు. మెల్లగా ఒళ్ళు చేసింది.
మేత వేసేటప్పుడు ముంజేతి కాడికొచ్చి చూసిపోయేది.
నిన్న కొరికింది.
అదే వేలు.

నవ్వబోయి ఆగినా.
ఎందుకంటే మొన్న
అడక్కుండా ఊదుగొట్టం తీసుకున్నాడని
తపన్ వేళ్ళ కణుపుల మీద పటకారుతో కొట్టినా.
గట్టిగా కాదు. మోనాచారన్న కొట్టేటంత.
ఆయన ఉన్నన్నాళ్ళు ఈ పీట మీద నేను కూర్చోలేదు,
తల వంచుకొని ఆకురాయి అందిచ్చినా.
ఆయన పోయిన దినం ఏడ్చినా, నిజంగానే.
పన్నెండో దినం పీట మీద కూర్చుంటే
నాకే చేయించినట్టు సరిపోయింది.
పటకారు చేతిలోకి ఎప్పుడొచ్చిందో చూసుకోల్యా.

బయటోళ్ళు మా జిల్లా పేరు వింటే
కత్తులు గుర్తు చేసుకుంటారు.
కత్తులు నేను చూడల్యా.
ఈ జానెడు పటకారే చూసినా.

ఈ పొద్దు తపన్ అడిగినాడు
ఇంకో చేప తెద్దామని,
"వొంటిగా వుంది, పాపం" అని, వాని యాసలో.
వాని కణుపు మీద ఎరుపు ఇంకా పోలేదు.
తెస్తే చిన్నదాన్నే తేవాలంట,
వణకడం తెలిసిన వయసుదాన్ని.
సరే అన్నా. డబ్బులిచ్చినా.

వాడు కడప బస్సెక్కినాక
పటకారు పీట కింద పెట్టి, మళ్ళీ తీసి,
గూట్లో పెట్టి, మళ్ళీ తీసి
చేతిలోనే పట్టుకొని కూర్చున్నా.
అద్దం అవతల అది
నా కండ్లలోకే చూస్తాంది,
మూసకు అడ్డంగా.