షువయ్య

జెబెల్ షమ్స్ నడుమకొచ్చేసరికి
గుండె చెవులల్లకొచ్చి కొట్టుకుంటంది.
సంచిల చిప్స్ పాకెట్ కప్ప లెక్క ఉబ్బింది.

"షువయ్య, షువయ్య" అంటడు ఖల్ఫాన్.
నిమ్మళంగ అని.
ఒమాన్ వచ్చిన కొత్తల
షువయ్య అంటే ఎవరో మనోడే అనుకొని
క్యాంపంత వెతికిన.

సోహార్ల చిమ్నీ మీద
కూసుంటే ఫోర్‌మన్ పూట జీతం కోసేటోడు.
ఈడ కూసోకుంటే
కొండ కోస్తదట.

ఓదెలు బూట్లు తలకింద పెట్టుకొని
అప్పుడే గురక.
నారింజ తొక్క నములుకుంట
మేక ఒకటి మమ్ముల లెక్కపెడుతంది.
ఒక గుక్క నీళ్లు. ఒక ఖర్జూరం.
మళ్ల ఒక గుక్క.

ఈ రాత్రి ఇక్కడ్నే.
పదకొండేండ్లల్ల మొదటిసారి
అలిసిపోయి కాదు,
రేపు ఇంకింత పైకి పోవాలని
పండుకుంటున్న.

ఆగు ఊపిరీ, వస్తున్న.
షువయ్య.