కొసరు

గుంతకల్లు టేషన్లో మూడో ప్లాట్‌ఫారం కొస,
నీళ్ల కొళాయి దాటినాక నాలుగో సిమెంటు బెంచీ.
అక్కడైతేనే గీతలు నిండుగా ఉంటాయని
మాకెవరూ చెప్పలేదు.
బోరు పాయింటు చూసేవాడు
అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేను తిరిగినట్టు
ఫోను చేతిలో పెట్టుకుని
ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి కనుక్కున్నాం.

ఒక్కో నంబరుకు రోజుకు అరగంట ఊరికే.
ఆ తర్వాత డబ్బులడుగుతుంది.
నా అరగంట ఒక్క పాఠానికే చాలదు.
నాయన అరగంట నాయనతోబాటే
లారీలో రాయచూరు పోయింది.
అమ్మ ఫోను రీచార్జి అయిపోయి మూడు వారాలు.
ఇంక మిగిలింది అవ్వ.

మా అవ్వ పేరు కుళ్లాయమ్మ.
ఉడకేసిన చెనిక్కాయలు గంపకెత్తుకుని
ఇరవై ఏండ్లుగా బండ్లెంబడి తిరుగుతుంది.
వక్కాకు సంచిలో బటన్ల ఫోను,
మూత ఊడకుండా రబ్బరుబ్యాండు.
దానికి నెట్టంటే తెలియదు.
అంకెలు మాత్రం వస్తాయి.
టింగుమంటే అవ్వ దాన్ని
చెయ్యి చాచినంత దూరం పెట్టి చదువుతుంది:
"నాలుగు... సున్న... సున్న... తొమ్మిది..."
ఆగి, "ఇది ఒకటా, ఏడా?"

నెలనెలా బియ్యం దగ్గర
ఆ మిషను అవ్వ బొటనవేలిని ఒప్పుకోదు.
కాయలు ఒలిచి ఒలిచి గీతలన్నీ అరిగిపోయినాయి.
తుడిచి పెట్టమంటాడు, తడిచేసి పెట్టమంటాడు,
ఇంకో వేలంటాడు, రేపు రమ్మంటాడు.
ఇక్కడ ఏ వేలూ అడక్కుండానే
ఆరంకెలు ఆమెను వెతుక్కుంటూ వచ్చినాయి.
మొదటిరోజు నమ్మలేదు.
"నాకేనా?"
"నీకే."
"నేనేం చెయ్యల్ల?"
"ఏమొద్దు. నాకియ్యి."

ఊరికే అన్నాను గానీ
ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు.
అది లేనిరోజు గంపకు ఒక పక్క చెయ్యేసి
అమ్మకానికొచ్చిన పిల్లలాగా అవ్వ వెనకే నడుస్తాను.
టీసీ అన్నీ చూస్తాడు.
గ్లాసెడు కాయలు జేబులో పోయించుకుని పోతాడు.
మా నెట్టు బిల్లు అదే.

సోమవారం సాయంత్రం, ట్రాన్స్‌ఫార్మరు పాఠం.
అవ్వ నా భుజం మీదుగా తొంగిచూసి
"ఆయప్ప అంత బిరబిరా మాట్లాడ్తాడే,
ఊపిరి తీసుకోమను" అంది.
ఆపినాను.
నోరు తెరుచుకుని సారు అట్లే నిలబడిపోయినాడు.
అవ్వ పైట అడ్డంపెట్టుకుని నవ్వింది.

పాఠం అయిపోయినాక చూస్తే
ఇంకా నాలుగు నిమిషాలుంది.
"మిగిలింది రేపట్లో కలుపుతారా?"
"కలపరవ్వా. పోతుంది."
"యాడికి పోతాది?"
నాకు తెలియదు.
పొయ్యిలో బొగ్గుల మీద నీళ్లు చల్లి
మరుసటి పూటకు దాచుకునే మనిషి,
ఆ జవాబుకు కాసేపు మాట్లాడలేదు.

పక్క బెంచీలో ఎర్రిస్వామి.
కొనకొండ్ల నుంచి ఆటోలో వచ్చినాడు,
రేపటి పరీక్షకు హాల్‌టికెట్టు దింపుకోవాల.
వాడి అరగంట తిరిగి తిరిగి ఎప్పుడో ఆగిపోయింది.
గ్లాసు కొలిచినాక, అడక్కముందే
పైన ఇంకో పిడికెడు వేసేటప్పటి గొంతుతో
అవ్వ పిలిచింది:
"ఓ అబ్బీ, ఇట్రా. నాలుగు నిమిషాలుంది."

వాడు నంబరు కొట్టేసరికి
బళ్లారి పాసింజరొచ్చి ఆగింది.
పెట్టెల నిండా ఫోన్లు,
ఒకే కొళాయి కింద ఊరందరి బిందెలు పెట్టినట్టు.
తెర మీద గుండ్రం తిరిగేది నెమ్మదించింది.
ఫోను అవ్వ చేతుల్లో ఉంది,
కదిపితే ఒలికిపోతుందన్నట్టు.
కిటికీల్లోంచి కేకలు: "కాయలెంతమ్మా?"
గంప మీద తడిగుడ్డ ఎత్తలేదు.
"అవ్వా, బండి!" అన్నాను.
"బండి రేపూ వస్తాది" అంది.

ఎర్రిస్వామి పెదాలతో సెకన్లు లెక్కపెడుతున్నాడు.
కాగితం పైనుంచి దిగుతోంది,
కాలేజీ పేరు, నంబరు,
ఫోటోలో వాడి జుట్టు, నుదురు.
కళ్లింకా రాలేదు.
అవ్వ వాడి మొహం వైపొకసారి
తెర వైపొకసారి చూసి
"ఈడే" అంది.