జుల్ఫార్ పద్దు

పుష్యమాసం. రేవులో మంచు
ఒంటెల మెడదాకా.
పెనుగొండ లాయానికి నలభై గుర్రాలు కొన్నాను.
ముప్ఫై తొమ్మిదింటికి గిట్టలెత్తి చూశాను.
నలభయ్యోదాని కాలు పట్టుకున్నప్పుడు
మొదటి ఫిరంగి పేలింది.

బుడతకీచులు చలికాలమే వస్తారని
మత్రూద్ ముందే అన్నాడు, తాడుకు ముడేస్తూ:
"వేసవిలో మేం ముత్యాల కోసం నీళ్ల అడుగున ఉంటాం.
ఇప్పుడు అన్నీ ఒడ్డునే.
పడవలు బోర్లా, పళ్లు కొట్లలో,
మనుషులు కంబళ్ల కింద."

రెండేళ్ల కప్పం ఎగ్గొట్టారట.
హుర్ముజు నుంచి వచ్చిన ఆ కాగితం ఎవరూ వినలేదు,
చదవగలిగినవాడే ముందు పడిపోయాడు.

నన్ను ముట్టలేదు.
వాళ్ల ముద్ర ఉన్న చీటీ నా దగ్గరుంది.
దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను,
మోడం వైపు చూసే రైతులాగా.

ఖర్జూరాన్ని మొదలంటా నరకక్కర్లేదు.
మొవ్వు కోసేస్తే చాలు,
మాను నిలబడే ఉంటుంది, చెట్టు ఉండదు.
తాటిచెట్టు ఎరిగినవాణ్ణి, నాకెవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి కొట్లు అంటుకున్నాయి.
పాకం జారడానికి వాటి నేలలో సన్నటి కాలవలు తీస్తారు.
ఆ కాలవలు పొంగి
నల్లగా, నింపాదిగా, వీధిలోకి వచ్చింది తీపి.
ఇది మా ఇంట్లో కూడా చెప్పలేదు:
నాకు నోరూరింది.
గానుగ దగ్గర బెల్లం పెనం దించే వేళ
అచ్చం అదే వాసన.
ఒక్క గుక్క గాలి.
ఆ తర్వాత గాలిలో వెంట్రుకలు కాలిన కమురు కలిసింది.

పొద్దు వాలాక దుబాసీ వచ్చాడు.
"నువ్వు కరణానివట గదా,
ఎన్ని చెట్లు పడ్డాయో రాసివ్వు, కప్తాను పైకి పంపాలి."
నరికిన మొవ్వొకటి ఒళ్లో పెట్టుకుని
ముజ్నా అనే ముసలావిడ కూర్చునుంది.
దాన్నీ కలిపాను.
రెండువేల నూటపదహారు.
పెళ్లిలో చదివించినట్టు
చివర పదహారు.
నేను సర్దలేదు, లెక్కే అలా తేలింది.

ఓడలో నలభయ్యో గుర్రం
దారంతా తన మోకాళ్లు తానే నాకింది.
భట్కళ రేవులో రాయసంవాడు దాని గిట్టలెత్తి
సందుల్లో ఏదో నల్లగా గడ్డకట్టిందని
రెండు వరహాలు తగ్గించి రాసుకున్నాడు.
ఏమిటిదని అడిగాడు.
బెల్లం, అన్నాను.